నిండు హృదయం

హృదయమన్న మాట తెలుగు అధ్యాపకుని నోట రోజుకు పదిసార్లయినా వస్తుంది. కావ్యాలలో అది ద్రవిస్తుంది, పొంగుతుంది, పగులుతుంది. కాని రొమ్ములో నిజంగా కొట్టుకొనే కండరం చేసే పనిని గురించి రెండేళ్ళ క్రితం వరకు నాకు ఒక్క వాక్యమైనా తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఒక రాత్రి మా అబ్బాజాన్ రొమ్ము బరువుగా ఉన్నదన్నారు. ఒళ్ళంతా చెమట. ఎడమ చెయ్యి లాగుతున్నదన్నారు. వాయువనుకొన్నాము. అమ్మీ వామునీళ్ళు కాచి ఇచ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసుకొనిపోతే, గుండెకు రక్తం అందక కండరంలో కొంత భాగం చచ్చిపోయిందని, అది తిరిగి బ్రతకదని డాక్టరుగారు చెప్పారు.

వరండాలో అమ్మీ నన్నడిగింది: "బేటా, దిల్ నిండా రక్తమే గదా! మరి దిల్‌కు రక్తం అందకపోవడమేమిటి?"

ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్న నా దగ్గర సమాధానం లేదు.

జంతుశాస్త్రం బోధించే మిత్రుని అడిగి పుస్తకం తెచ్చుకొని చదివాను. పిడికిలంత గుండె, బరువు సుమారు 300 గ్రాములు, గదులు 4. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం కుడి కర్ణికలో చేరి, కుడి జఠరికలోనికి దిగి, ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ప్రాణవాయువును నింపుకొని ఎడమ కర్ణికకు, అక్కడినుండి ఎడమ జఠరికకు వచ్చి, మహాధమని ద్వారా దేహమంతటికీ ప్రవహిస్తుంది. నిమిషానికి సుమారు 5 లీటర్లు. రోజుకు దాదాపు లక్ష స్పందనలు.

అయితే గదులలో నిండిన ఆ రక్తం గుండె కండరానికి ఆహారం కాదు. గోడలు మందమైనవి, రక్తం వాటిలోనికి ఇంకదు. మహాధమని మొదట్లోనే చీలిన రెండు చిన్న హృదయ ధమనులు గుండెపై అల్లుకొని దానిని పోషిస్తాయి. వాటిలో ఒకటి మూసుకొనిపోతే, ఆ మేర కండరం నిండు ఏటి నడుమ దాహంతో చచ్చిపోతుంది.

అమ్మీ సందేహం సామాన్యమైనది కాదు. మహావైద్యుడు ఇబ్న్ సీనా కూడా కుడి గదిలోని రక్తమే హృదయానికి ఆహారమని తలచాడు. ఆయన గ్రంథంలోని శరీరనిర్మాణ భాగానికి 1242లో వ్యాఖ్య వ్రాసిన ఇబ్న్ అల్ నఫీస్ అది సరికాదన్నాడు. హృదయం తన దేహంలోనే వ్యాపించిన నాళాలవల్ల పోషింపబడుతుందని చెప్పాడు. రక్తం నడిమి గోడలోని రంధ్రాల గుండా ఎడమవైపుకు పోతుందన్న గాలెన్ మాటనూ కాదని, ఊపిరితిత్తుల మీదుగానే పోతుందన్నాడు. 1628లో హార్వే సంపూర్ణ రక్తప్రసరణను నిరూపించడానికి దాదాపు నాలుగు శతాబ్దాలకు ముందటి మాట ఇది. ఆ వ్యాఖ్య వ్రాతప్రతి బెర్లిన్‌లో 1924లో ఒక ఈజిప్టు వైద్యుని కంటబడేవరకు లోకం దానిని మరచిపోయింది. గురువును గౌరవిస్తూనే ఆయన పొరపాటును దిద్దవచ్చునని నేను నేర్చుకొన్నది ఆ వ్యాఖ్యాత వల్లనే.

ఇదంతా అమ్మీకి ఎట్లా చెప్పాలి? చివరకు ఇట్లా అన్నాను: "అమ్మీ, ఖజానా గుమాస్తా చేతులమీదుగా లక్షలు పోతాయి. అందులో ఒక్క రూపాయి తనది కాదు. అతని ఇల్లు గడవాలంటే జీతం వేరుగా రావాలి. అది ఆగితే పస్తే." అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రాత్రే తెలిసి ఉంటే!" అన్నది.

అబ్బాజాన్ బ్రతికారు. కాని మసీదు మెట్లు ఎక్కలేక నమాజు ఇంట్లోనే చేసుకొంటున్నారు.

విద్యార్థులారా! మీరు సాహిత్యం చదవండి, చరిత్ర చదవండి. మీ దేహాన్ని గురించి కూడా ఇంట్లో మాట్లాడే భాషలో తెలుసుకొనండి. రొమ్ములో బరువు, చెమట, చేతికో దవడకో ప్రాకే నొప్పి కనిపిస్తే వాయువని సరిపెట్టుకొనకండి. మొన్న మా అమ్మీ పొరుగింటి పెద్దావిడకు గుమాస్తా కథ చెబుతుండగా విన్నాను. కథ ముగించి, "తెల్లవారేదాకా ఆగవద్దు, బహెన్" అన్నది.