దారి మరచిన ఎలుక



ఛందస్సును, శతకాలను వదలి ఈ తెలుగు పంతులు ఎలుకల మెదడు మీద పడ్డాడేమిటని మీలో కొందరైనా నవ్వుకొంటారు. నవ్వండి. కారణం మందుచీటీలో ఉన్నది.

నా సహధర్మచారిణికి మతిమరుపు మొదలై మూడేండ్లు కావచ్చినది. మొదట కూరలో ఉప్పు రెండుమార్లు వేయడం, తరువాత తాళంచెవులు ఎక్కడ పెట్టినదీ మరవడం. అటుపిమ్మట ఒకనాటి సాయంత్రం మా పాలకీడులోనే, నలభై ఏండ్లుగా నడచిన గుడివీథిలో, ఇంటికి దారి తెలియక నిలిచిపోయినది. బడిపిల్లలు చేయి పట్టుకొని తెచ్చి అప్పగించారు. "సార్, అమ్మ మీ ఇల్లెక్కడని మమ్ములనే అడుగుతున్నది" అని వాళ్ళు చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. హైదరాబాదులో నాడీవైద్యుడొకరు పరీక్షించి, ఆల్జైమర్స్ అని తేల్చి, మెమాంటిన్ అనే మాత్ర వ్రాశారు. ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచుకొంటూ ఇరవైకి చేరాలన్నారు.

అచ్చయిన కాగితమేదీ చదువక పారవేయలేని జబ్బు నాది. మాత్రల పెట్టెలోని మడత కాగితం విప్పి చూచాను. ఇది మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని నిరోధిస్తుందని అందులో ఉన్నది. ఔషధ పరిశోధనలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకణ్ణి అడిగితే, వాడు ఒక కట్ట వ్యాసాలు పంపినాడు. నిఘంటువు పక్కన పెట్టుకొని రెండు నెలలు చదివాను. చదివినకొద్దీ గుండె జారినది.

నాడీకణాలు పరస్పరం కబురు పంపుకొనే రసాయనాలలో గ్లుటమేట్ ప్రధానమైనది. దానిని అందుకొనే ద్వారాలలో ఈ గ్రాహకం ఒకటి. గ్లుటమేట్ వచ్చి తట్టినంతమాత్రాన ఈ ద్వారం తెరుచుకోదు. లోపల మెగ్నీషియం బిరడావలె అడ్డుపడి ఉంటుంది. అందుకొనే కణం కూడ అదే క్షణాన ఉత్తేజితమైతేనే ఆ బిరడా తొలగి కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. బ్యాంకు లాకరుకు మన తాళంచెవి, మేనేజరు తాళంచెవి రెండూ కావలసినట్లన్నమాట. 1984లో తేలిన సంగతి ఇది. రెండు విషయాలు ఒక్కసారే జరిగినవని మెదడు గుర్తించి ముడివేసే చోటు ఇదే. పూర్వపరాలు రెండూ కలిస్తేనే సంధి అని ముప్పయ్యేండ్లు చెప్పినవాణ్ణి కనుక ఈ మర్మం నాకు సులభంగానే పట్టుబడినది.

ఇక రిచర్డ్ మారిస్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగం. ఒక గుండ్రని తొట్టిలో పాలు కలిపి తెల్లబరచిన నీరు. ఆ నీటిలో ఒకచోట, పైకి కనబడకుండ, ఒక చిన్న పీట. ఎలుకను వదిలితే అది ఈదులాడి, వెదకి, పీట దొరికితే ఎక్కి నిలుచుంటుంది. మరల మరల వదిలితే గది గోడలమీది గుర్తులను బట్టి తిన్నగా అక్కడికే పోవడం నేర్చుకొంటుంది. 1986లో మారిస్ బృందం కొన్ని ఎలుకల మెదడులోనికి ఏపీ5 అనే నిరోధకాన్ని ఎక్కించి ఇదే పరీక్ష పెట్టినది. అవి ఈదగలిగినవి, చూడగలిగినవి. పీట ఎక్కడున్నదో మాత్రం పట్టుబడలేదు. తరువాత పీట తీసివేస్తే, మామూలు ఎలుకలు అది ఉండిన వైపే తిరుగాడగా, మందు పడినవి తొట్టి అంతటా దిక్కుతోచక ఈదినవి. ఆ పుట చదువుతూండగా నాకు ఎలుక కనబడలేదు. గుడివీథి కనబడినది.

ఎలుక జ్ఞాపకం ఎంతటిదో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మా వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. జింకు ఫాస్ఫైడు కలిపిన నూకలు కొంచెం కొరికి చావు తప్పించుకొన్న ఎలుక, మరల ఆ ఎరను ముట్టదు. రుచిని పదిలపరచే ఇన్సులర్ కార్టెక్స్ అనే భాగంలో ఇదే ఏపీ5ను పెడితే, అటువంటి చేదు పాఠం కూడ ఎలుకలో సరిగా నిలువలేదని 1997లో ఒక ప్రయోగం చూపినది.

అంతటితో పోలేదు. ఎంకే-801 అనే గట్టి నిరోధకం ఇస్తే ఎలుకలు తూలుతూ, తల ఊపుతూ, గిరగిర తిరుగుతాయట. ఇటువంటి మందులు కొన్ని గంటలలోనే ఎలుక మెదడులోని కొన్ని కణాలలో బుడగలు పుట్టిస్తాయని 1989లో జాన్ ఓల్నీ బృందం ప్రకటించినది. మత్తుమందైన కెటమిన్ కూడ ఈ కోవలోనిదే.

మరి మరచిపోతున్న మనిషికి, మరపించే మందా?

ఈ ప్రశ్న వైద్యుని ముందు పెట్టాను. ఆయన విసుగుకొనలేదు. ఆయన చెప్పినది నేను మా ఊరి భాషలోనికి ఇట్లు మార్చుకొన్నాను. తూము షట్టరు పాడై రాత్రింబవళ్ళు నీరు కారుతున్నదనుకోండి. వంతు రోజున నీరు వదిలినా, వదలకపోయినా మడిలో తేడా తెలియదు, పైరు కుళ్ళుతుంది. జబ్బుపడిన మెదడులో గ్లుటమేట్ అట్లే ఎడతెగక చెమ్మగిలుతూ ఉంటుందని, అక్కడ మెగ్నీషియం బిరడా చాలదని ఒక సిద్ధాంతం. మెమాంటిన్ దానికన్న కొంచెం బిగువైన బిరడా. కారుడును ఆపుతుంది, నిజమైన ప్రవాహం వచ్చినప్పుడు తప్పుకొంటుంది. ఎంకే-801 తప్పుకోదు, అందులోనే చిరిగిన బస్తాలాగ ఇరుక్కొని కూర్చుంటుంది. యూరపులో 2002లో, అమెరికాలో 2003లో దీనికి అనుమతి లభించినది. అయితే ఈ మెమాంటిన్ సైతం పెద్ద ఎలుకల జ్ఞాపకాన్ని చెడగొట్టగలదని 2006లో ఓల్నీ సహరచయితగా ఒక వ్యాసం వెలువడినది. మేలు చేస్తుందన్న ఎలుక ప్రయోగాలూ ఉన్నవి. "పోయినది తేదు సార్. పోవడం కొంత నెమ్మదించవచ్చు. చూద్దాం" అన్నారు వైద్యుడు. ఆ 'చూద్దాం' నాకు నచ్చినది. సర్వజ్ఞత్వం నటించలేదు.

మాత్ర మొదలుపెట్టి ఐదు నెలలు. రాత్రిళ్ళు లేచి తలుపు గడియ తీయడం కొంత తగ్గినదని నాకు తోస్తున్నది. నా ఆశే అట్లా లెక్కపెడుతున్నదేమో, ప్రమాణం చేయలేను.

మొన్న పొలంలో ఎలుకలు పడ్డవని మా తమ్ముని కొడుకు అరుగుమీద కూర్చుండి నూకలలో నూనె పోసి, మందు పొట్లం విప్పబోతున్నాడు. స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఈమె ఉన్నట్లుండి గదమాయించినది: "ఓరి పిల్లగా, మొదటినాడే మందు కలుపుతారా? రెండు రోజులు ఉత్త నూకలు పెట్టు. మరిగినంక కలుపు."

వాడు నావైపు చూచినాడు. నేను పొట్లం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇది మాత్ర మహిమ అనుకొనేందుకు వీలులేదు. ముందే నేర్చుకొన్న ఎలుకకు తరువాత ఏపీ5 ఇచ్చినా నేర్చినది చెడదని 1989లో మారిస్ చూపినాడు. పాతది వేరు, కొత్తది ముడిపడడం వేరు. ఈమె చెప్పినది పుట్టింట నేర్చిన వ్యవసాయం.

గంట గడచిన తరువాత, ఆ నూకల గిన్నె చూచి, "ఇవి ఎవరికండీ, కోళ్ళకా?" అని అడిగినది.