కంప్యూటర్‌కు చేంజోవర్ స్విచ్

ఇయ్యాల ఎరువుల ముచ్చట కాదు, కంప్యూటర్ ముచ్చట. అయినా చదవండి, మోటారు స్టార్టర్ విప్పి చూసినోళ్లకు ఇది కొత్త పనేం కాదు.

మా పాల లెక్కల కంప్యూటర్ల బయోస్ అప్‌డేట్ నడుస్తుండంగ కరెంటు పోయింది. మన కీసర దిక్కు గాలివాన వస్తే ఎట్లుంటదో మీకెర్కనే. కరెంటొచ్చినంక ఫ్యాన్ తిరుగుతది గని తెర మీద ఏం రాదు. రిపేరు దుకాణంల "బోర్డు పోయింది, కొత్తది కొనుడే" అన్నరు. పోయింది బోర్డు కాదు, చింతగింజంత కూడా ఉండని ఎనిమిది కాళ్ల చిప్పుల రాత. కంప్యూటర్‌ను నిద్ర లేపే మొదటి ప్రోగ్రాం అండ్లనే ఉంటది. రాసుడు సగంల ఆగితే అది లేవదు. లెక్కలు మాత్రం హార్డ్ డిస్క్‌ల భద్రం. ఇది చెప్పకుండ భయపెట్టేటోళ్లే ఎక్కువ.

1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ లోకమంత ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను ఇట్లనే చెరిపింది. గిగాబైట్ కంపెనీ కొన్ని బోర్డుల మీద రెండు బయోస్ చిప్పులు పెట్టి అమ్ముతది. మీదట్లాంటిదైతే ఈ తిప్పలు అక్కర్లేదు.

మా అన్న కొడుకు చిప్పును మళ్లీ రాసి, పక్కకు అదే రకం రెండోది అతికిచ్చిండు. ఏడు కాళ్లు జతకు జత కలుస్తయి. ఒకటో కాలే కీలకం, "నువ్వు మాట్లాడు" అని చిప్పుకు చెప్పేది అదే. పాత చిప్పు ఒకటో కాలు బోర్డు నుంచి లేపి, ఆ చోటు నుంచి వైరు స్విచ్ నడిమికి, రెండు చిప్పుల ఒకటో కాళ్లు చెరో పక్కకు. ఒక్కో ఒకటో కాలు నుంచి ఎనిమిదో కాలుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలె, లేకుంటే పక్క చిప్పు నోరు మూసుకోదు. వైర్లు పొట్టిగ ఉండాలె. 3.3 వోల్టులదా 1.8దా చూసుకోవాలె.

కంప్యూటర్ మంచిగున్నప్పుడే సీహెచ్ 341ఏ ప్రోగ్రామర్‌తోని చిప్పుల రాతను నకలు తీసి పెట్టుకోండి, సొంత విత్తనం దాచుకున్నట్టు. కొన్ని బోర్డులల్ల నెట్‌వర్క్ నంబరు, విండోస్ కీ అండ్లనే ఉంటయి, నెట్‌ల దొరికే ఫైలుల అవి రావు.

స్విచ్ తిప్పే ముందు ప్లగ్గు పీకుడు మరవొద్దు. సోల్డరింగ్ చెయ్యి తిరిగినోళ్లు మీ ఊర్ల ఉంటే ఈ పోస్ట్ చూపియ్యండి, అడిగేది ఉంటే కింద అడగండి, పిలగాడు జవాబిస్తడు.