పంచాంగంలో లేని పువ్వు

మా అమ్మ ఒకసారి తులిప్ గడ్డని ఉప్మాలోకి తరగబోయింది. ఇప్పుడు మేం శ్రీనగర్ ప్రయాణం కట్టడానికి అసలు కారణం అదే.

ముందటేడు ఆన్‌లైన్‌లో పది గడ్డలు తెప్పించాను. పన్నెండు వారాలు చలిలో ఉంచితే గానీ వాటికి పూత రాదన్నారు. బెజవాడలో పన్నెండు వారాల చలి కావాలంటే ఫ్రిజ్ ఒక్కటే దిక్కు. కూరల అరలో పెట్టాను. అమ్మ పొద్దున్నే లేచి, ఉల్లిపాయలే కదా అని ఒకదాన్ని కత్తిపీట మీద నిలువునా కోసేసింది. "ఇదేం ఉల్లిపాయే, కళ్లు మండవు, ఘాటూ లేదు!" అంటూ నా దగ్గరికి తెచ్చింది. రెండు చెక్కల్లోనూ తెల్లటి పొరలు. నడిమధ్య లేతపచ్చగా బియ్యపుగింజంత మొగ్గ. తులిప్ గడ్డలో పువ్వు మట్టిలోకి వెళ్లకముందే తయారై కూర్చుంటుంది. చలి తగిలాకే పైకి లేస్తుంది. అమ్మ ఆ చెక్కల వంక చాలాసేపు చూసి, "కడుపుతో ఉన్నదాన్ని కోశానే" అంది.

మిగిలిన తొమ్మిదీ జనవరిలో కుండీల్లో పెట్టాం. వెడల్పాటి ఆకులు రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. తప్పు నాదేనని తరవాత తెలిసింది. అదే అరలో ఆపిల్ పళ్లూ సపోటాలూ కూడా పెట్టాను. పండే పళ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు గడ్డలో మొగ్గని లోపలే మాడ్చేస్తుందట. అమ్మ ఆ కుండీల్లో తోటకూర చల్లేసి, "అది మనింటికి రాదు గానీ, మనమే వాళ్లింటికి వెళ్దాం పద" అంది.

వాళ్లిల్లు అంటే హాలండ్ అనుకున్నారు మావారు. అక్కడ కూకెన్‌హాఫ్ తోటలో ఏటా 70 లక్షల గడ్డలు నాటుతారు. వీసా ఖర్చూ, విమానం ఖర్చూ, అమ్మ మోకాళ్లూ కలిపి లెక్కేశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద, దాల్ సరస్సుకి ఎగువన 2007లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోట ఉంది. 74 ఎకరాలు, మెట్లు మెట్లుగా దిగే మళ్లు. ఆ గడ్డలు కూడా హాలండ్ నుంచి వచ్చినవే. కశ్మీర్‌కి జనం మే నెల నుంచి గానీ వచ్చేవారు కాదు. ఆ రాకని మార్చి, ఏప్రిల్‌లకి జరపాలన్నదే ఈ తోట వెనకున్న ఆలోచన.

అయితే అక్కడికి తులిప్ కొత్త చుట్టమేం కాదు. కశ్మీర్ ఇళ్ల మట్టికప్పుల మీద తులిప్ పూసేదని జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఒక ఏడు శ్రీనగర్ పెద్ద మసీదు కప్పు మీద కూడా విరగబూశాయట. ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన ఎర్ర తులిప్ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఇదంతా చెబితే అమ్మ, "అంటే మన పూరింటి మీద సొరపాదు పాకించినట్టన్న మాట" అని తేల్చేసింది. చక్రవర్తి రాసిన పేజీ కంటే నాకు ఈ మాటే బాగా కళ్లకి కట్టింది.

ఇక తేదీల గొడవ. ఆ తోట 2023లో మార్చి 19న తెరిచారు, 2024లో 23న, 2025లో 26న. మొగ్గలు విచ్చడాన్ని బట్టే తెరుస్తారు. మబ్బేస్తే ఆలస్యం, ఎండ కాస్తే తొందర. ముందు పూసే రకాలూ, మధ్యవీ, ఆఖరువీ కలిపి నాటితే మొత్తమ్మీద నెల రోజులు. ఉగాది కూడా ఏటా జరుగుతుంది: 2023లో మార్చి 22, మరుసటేడు ఏప్రిల్ 9, ఆ తరవాత మార్చి 30. కానీ ఉగాది ఎప్పుడో పంచాంగంలో ఉంటుంది. ఈ పువ్వుకి పంచాంగం లేదు. రైలు టికెట్టేమో 60 రోజుల ముందు తీసుకోవాలి. నేనేమో బ్యాంకు ఉద్యోగిని, మార్చి ఎండింగ్ దాటేదాకా సెలవన్న మాట నోట రాకూడదు. పువ్వుకీ, రైల్వేకీ, మా మేనేజరుకీ పొత్తు కుదరాలి.

ఒక ట్రావెల్స్ అబ్బాయి, ఏప్రిల్ 22న బయల్దేరే ప్యాకేజీ ఉంది, తులిప్స్ గ్యారంటీ అన్నాడు. ఆ వేళకి తోటలో ఆకులూ కాడలూ చూసి రావచ్చు. చివరికి ఏప్రిల్ 3న బయల్దేరేట్టు ఖాయం చేశాం. అప్పటికి బాదం పూత రాలిపోతుంది. హరి పర్బత్ కింది బాదంవారీ తోట చూడలేమని నాకు దిగులుగానే ఉంది. ఆవపూలు మాత్రం దారి పొడుగునా ఉండాలి.

ఆ 22వ తేదీ గురించి కూడా మాట్లాడుకున్నాం. 2025లో అదే రోజున పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. విశాఖపట్నం మనిషీ, కావలి మనిషీ ఉన్నారు వాళ్లలో. మేం పహల్గాం పెట్టుకోలేదు. భయమా అంటే, అవుననలేను, కాదనలేను. "కావలి వాళ్లమ్మ ఎట్టా ఉందో" అంది అమ్మ ఒకటికి రెండుసార్లు. ప్రయాణం మానేద్దామని మాత్రం అనలేదు.

మావారికి పూల మీద పెద్ద ధ్యాస లేదు. కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ 2025 జూన్‌లో మొదలైంది కదా, చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన దాటాలని ఆయన కోరిక. అందుకే విమానం వద్దన్నారు. ఆయన వేసిన పట్టికలో తులిప్ తోట పొద్దున ఏడింటికి ఉంది. నేను కొట్టేసి పదకొండు చేశాను. తులిప్ చలికి ముడుచుకుంటుంది, ఎండ తగిలితే విచ్చుకుంటుంది. ఏడింటికెళ్తే గుప్పెళ్లు బిగించుకుని నిలబడ్డ పూలే కనిపిస్తాయి.

కశ్మీరీ పండితుల కొత్త సంవత్సరం నవ్రేహ్ కూడా మన ఉగాది నాడేనని చదివి అమ్మకి చెప్పాను. ముందు రాత్రి పళ్లెంలో బియ్యం, అక్రోటుకాయలు, కొత్త పంచాంగం, ఒక చేదు మూలిక సర్ది, తెల్లారి లేవగానే దాని ముఖమే చూస్తారు. చేదు ఉందనగానే అమ్మకి వాళ్లమీద గురి కుదిరింది. వేపపువ్వు పొట్లం ఒకటి సంచిలో వేసుకుంది, ఎవరికివ్వాలనో.

ఆమెకి తీరని సందేహం ఒక్కటే. "ఆ పువ్వు తల్లో పెట్టుకోవచ్చా?"

"కోయనివ్వరమ్మా. దండకీ రాదు, చాలావాటికి వాసన కూడా ఉండదు."

కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం మైలవరం మల్లెలమ్మే ఆవిడ గుమ్మంలోకి వస్తే, మూడో తారీకు నుంచి పదిరోజులు పూలు వద్దని చెప్పింది. ఆవిడ వీధి చివరికి వెళ్లాక మళ్లీ కేకేసి పిలిచింది. బయల్దేరే రోజుకి మాత్రం నాలుగు మూరలు కావాలట, అసలు విడని మొగ్గలే కట్టాలట.