ఓడ వచ్చేదాకా

కరెంటు తీగకూ ప్రభుత్వ కుళాయికీ దూరంగా, సొంత నేల మీద ఇల్లు కట్టుకుని, తిండి తానే పండించుకుని బతకాలన్న కోరిక కొత్తది కాదు. ఆ కోరికకు అండమాన్ నికోబార్ దీవులు సరైన చోటులా కనిపిస్తాయి. అడవి, వాన, చేపలు, కొబ్బరి అన్నీ అక్కడున్నాయి. అయితే ఆ దీవులు మొత్తంగానే దేశపు విద్యుత్ గ్రిడ్‌కు బయట ఉన్నాయి. ప్రధాన భూమి నుంచి అక్కడికి కరెంటు తీగ లేదు, ఏ దీవి కరెంటును ఆ దీవే తయారు చేసుకోవాలి. అందులో ఎక్కువ భాగం ఇప్పటికీ డీజిల్ మీదే నడుస్తోంది. ఆ డీజిల్ ఓడలో వస్తుంది. బియ్యం, సిమెంటు, మందులు కూడా అలాగే. విశాఖ నుంచైనా చెన్నై నుంచైనా సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. కాబట్టి అండమాన్‌లో గ్రిడ్ అంటే ఓడే. తీగ తెంచుకోవచ్చు గానీ ఓడను తెంచుకున్న కాపురం అక్కడ ఇంతవరకూ నిలవలేదు. అక్కడ ఇల్లు కట్టేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది, ఓడ రాకపోతే ఎన్నాళ్లు ఆగగలమన్నది. నేల, నీరు, పంట, దీపం అన్నిటి లెక్కా అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

చరిత్ర చూస్తే ఈ మాట బలపడుతుంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ దీవి దగ్గర తొలి బ్రిటిష్ స్థావరం వేశాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. రోగాలు చుట్టుముట్టడంతో 1796లో వదిలేసి వెళ్లిపోయారు. వెనకాల ఒక సామ్రాజ్యం ఉండి కూడా ఏడేళ్లకు మించి నిలవలేకపోయారు. ఇంతకన్నా కఠినమైన సాక్ష్యం 1942 నుంచి 1945 దాకా సాగిన జపాన్ ఆక్రమణ. అప్పటికి దక్షిణ అండమాన్‌లో, బ్రిటిష్‌వాళ్లు మళ్లీ వచ్చి శిక్షగా ఇక్కడికి పంపిన ఖైదీల సంతతివాళ్లు తరాలుగా సేద్యం చేస్తున్నారు. వాళ్లకు పొలాలున్నాయి, పశువులున్నాయి, వానల తీరు తెలుసు. అయినా యుద్ధం ముదిరి ఓడల రాక తగ్గేకొద్దీ ఆకలి పెరిగింది. పండినదాంట్లో సైన్యం వాటా పోయింది, బలవంతపు చాకిరీకి మనుషులు పోయారు. చివరి రోజుల్లో, 1945 ఆగస్టులో, వందలాది మందిని హావ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి దించేశారు. వాళ్లలో దాదాపు అందరూ చనిపోయారు. అది సైన్యం చేసిన క్రూరత్వం, వ్యవసాయం తప్పు కాదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆ క్రూరత్వానికి ముందే కొరత వచ్చిందన్నది మరిచిపోకూడదు. పొలం ఉన్నంత మాత్రాన దీవి తన కడుపు తాను నింపుకోలేదని ఆ మూడున్నరేళ్లు చూపించాయి.

స్వాతంత్ర్యం తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులను 1949 నుంచి ఇక్కడికి తెచ్చి స్థిరపరిచిన పథకంలో ఈ ఎరుక కొంత కనిపిస్తుంది. తొలి పథకంలో కుటుంబానికి పదెకరాలు ఇచ్చారు. ఐదు వరి పండే పల్లపు నేల, ఐదు కొండ నేల. ఆ విభజన నాకు చాలా తెలివైనదిగా తోస్తుంది. వరి అదే ఏడు తిండి పెడుతుంది. కొండవాలులో వేసిన కొబ్బరి, పోక కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, ఒకసారి వచ్చాక వరి దెబ్బతిన్న ఏడాది కూడా చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఈ మధ్యకాలాన్ని దాటించినవి ప్రభుత్వ అప్పు, ఓడలో వచ్చిన సరుకు. ఆ కుటుంబాలకు ఎదురైన దెబ్బల్లో కొన్ని బయటినుంచి వచ్చినవే. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల దుప్పికి ఇక్కడ పులీ చిరుతా లేవు, కంచె లేని చేను దానికి మేతే. జపాన్ కాలంలో వచ్చిన ఆఫ్రికా రాక్షస నత్త వానాకాలపు రాత్రుల్లో కూరమళ్లను తినేస్తుంది. కొత్తగా తోట వేసేవాళ్లు విత్తనం కన్నా ముందు కంచెకు ఖర్చు రాసుకోవాలి.

నీటి సంగతి ఇంకా వివరంగా చూడాలి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట దాహమేమిటి అనిపిస్తుంది. కానీ కొండవాలు ఎక్కువ, వాగులు పొట్టివి, పడ్డ నీరు త్వరగా సముద్రం పాలవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన దాదాపు ఉండదు. అరవై చదరపు మీటర్ల రేకుల కప్పు ఉన్న ఇంటిని తీసుకుందాం. దాని మీద ఏడాదికి 1,80,000 లీటర్లు పడతాయి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు నలభై లీటర్లు చొప్పున నాలుగు ఎండు నెలలకు కావలసింది 24,000 లీటర్లే. అంటే వానకు కొరత లేదు, దాన్ని దాచే తొట్టికే కొరత. అంగడిలో కొనే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఐదు రోజులు వస్తుంది. పెద్ద తొట్టి కట్టాలంటే సిమెంటు, ఇనుము ఓడలో రావాలి. తీరపు ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించమని 2002లోనే సుప్రీం కోర్టు చెప్పింది, చెప్పడం మంచిదే, ఆ ఇసుకే ఒడ్డును కాపాడుతుంది. అందుకే నా దృష్టిలో ఇంటి పునాది కన్నా ముందు తొట్టి పునాది తవ్వాలి. గది ఒకటి తగ్గినా ఫరవాలేదు.

సోలార్ పలకలు వచ్చాక ఈ గొడవంతా పాతబడిందని కొందరు అంటారు. ఆ మాటలో నిజముంది. దక్షిణ అండమాన్‌లో 20 మెగావాట్ల సోలార్ కేంద్రం బ్యాటరీలతో సహా నడుస్తోంది, దానివల్ల డీజిల్ ఆదా అవుతోంది. ఇంటి స్థాయిలో నాలుగు దీపాలకు, ఒక ఫ్యానుకు, ఫోనుకు పలకను మించింది లేదు. కానీ మే నుంచి నవంబరు దాకా మబ్బు ఎక్కువ, గాలిలో ఉప్పు ఎక్కువ. తీగ చివరలు తుప్పు పడతాయి, వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఇన్వర్టర్‌లో ఒక బోర్డు కాలిపోతే విడిభాగం మళ్లీ ఓడలోనే రావాలి. పలక తెచ్చుకోవాలి, దానితోపాటు అది లేని నెలలో ఏం చేయాలో కూడా అనుకుని ఉంచాలి. ఫ్రిజ్ మీద నిలబడ్డ వంటిల్లు అలాంటి నెలలో కుప్పకూలుతుంది. ఎండుచేప, ఊరగాయ, దుంపలు ఉన్న వంటిల్లు నడుస్తుంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది. ఈ దీవుల ఆదివాసులైన ఓంగేలు, జారవాలు, గ్రేట్ అండమానీయులు వేల ఏళ్లు ఏ ఓడా లేకుండా బతకలేదా? బతికారు. కానీ వాళ్లది పదెకరాల చుట్టూ కంచె కట్టిన బతుకు కాదు. మొత్తం అడవి, మొత్తం తీరం వాళ్ల గాదె. ఒకచోట దొరకనిది ఇంకోచోటికి నడిచి తెచ్చుకున్నారు. లిటిల్ అండమాన్‌లో 1960ల చివర నుంచి వలస కాలనీలు వచ్చేకొద్దీ ఓంగేల నేల కుంచించుకుపోయింది. మన స్వయం సమృద్ధి కల కోసం నరికిన ప్రతి ఎకరం ఇంకొకరి గాదెలోంచి తీసిందేనన్నది తప్పించుకోలేని నిజం. అందుకే కొత్తగా అడవి కొట్టి కట్టే ఇంటిని నేను సమర్థించలేను, ఇప్పటికే సాగులో ఉన్న నేల మీద మాత్రమే ఈ వాదన చెల్లుతుంది.

2004 డిసెంబరు 26 భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ ఆ సాగు నేలను కూడా మార్చేశాయి. ఉత్తర అండమాన్ కొంత పైకి లేచింది, దక్షిణం కుంగింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. 1969 నుంచి ఆ దీవిలో స్థిరపడిన మాజీ సైనికుల కుటుంబాల్లో ఆంధ్రులూ ఉన్నారు. తీరం వెంబడి వేసిన రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోవడంతో, మిగిలిన తోటలకు వెళ్లే దారి కూడా కష్టమైంది. దక్షిణ అండమాన్‌లో సిప్పీఘాట్ వరిపొలాల్లోకి పోటు నీరు వచ్చి నిలిచింది. ఉప్పు నిలిచే పల్లపు నేలలకు అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. పల్లంలో వెడల్పాటి కాలువ తవ్వి, ఆ మట్టితో పక్కనే ఎత్తయిన దిబ్బ వేస్తారు. వానలు దిబ్బలోని ఉప్పును కడిగేస్తాయి. దిబ్బ మీద కూరలు, కాలువలో చేపలు. కాలువలో నిలిచిన నీరు ఎండు నెలల్లో మొక్కలకు పనికొస్తుంది. తవ్వడానికి యంత్రం ఒకసారి కావాలి, తర్వాతి మరమ్మతుకు పార చాలు. ఓడ కోసం ఆగగలిగే శక్తి ఇక్కడ నేలలోనే ఇమిడి ఉంది.

ఆగడం కుదరనివి కొన్ని ఉన్నాయి. ప్రసవం ఆగదు, పాముకాటు ఆగదు, పసిబిడ్డ జ్వరం ఆగదు. తొట్టి ఎంత పెద్దదైనా, గాదె ఎంత నిండినా వీటికి విరుగుడు కాదు. నేల వెతికేటప్పుడు సముద్రం కనిపించే కొండ కొమ్ము కన్నా, పిలిస్తే పలికే పొరుగిల్లు ఉండి, జోరువాన రాత్రి కూడా మనిషిని మంచం మీద మోసుకుని ఆసుపత్రికి చేర్చగల దారి పక్కనున్న పొలానికే ఎక్కువ వెల కట్టాలి.