హైదరాబాదులో రెండు రథశాలలు

గృహిణులకు తఱచుగా నెదురగు ధర్మసందేహ మొకటి కలదు. అత్తగారినాటి కాసులపేరును కరగించి క్రొత్తనగ చేయింపవలెనా, లేక తెగిన కొక్కెమును మాత్రమే యతికించి ధరింపవలెనా? తాతలనాటి పందిరిమంచమునకు మెఱుగు పెట్టింపవలెనా, లేక స్తంభములు కోయించి సోఫాగా మార్పింపవలెనా? పాతదానిని బాగుచేయుట వేఱు. పాతదానిని వేఱొకటిగా మార్చుట వేఱు. ఈ సందేహమే యొక చిన్న కారు విషయమున మా యింట పుట్టి, మమ్ము కాకినాడనుండి హైదరాబాదు వఱకు నడిపించినది. అక్కడ చూచినదియు, చూచి నిశ్చయించుకొన్నదియు సోదరీమణులతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు.

మా యింటి వెనుక కొట్టములో బేబీ ఆస్టిన్ కారొకటి యున్నది. మా వారి ముత్తాతగారు కాకినాడలో ప్లీడరుగా నున్న కాలమున, 1933లో, దానిని కొనిరి. ఇంగ్లండులో హెర్బర్టు ఆస్టిన్ అను నాతడు 1922లో ఈ జాతి కార్లను వెలువరించెను. సామాన్య సంసారికిగూడ కారు అందుబాటులో నుండవలెనన్నదే ఆయన సంకల్పము. నమూనా గీయుటలో ఆయనకు తోడ్పడిన స్టాన్లీ ఎడ్జ్ అప్పటికి పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు! 1939లో నిలిచిపోవు వఱకు ఇవి సుమారు 2,90,000 తయారైనవి. ఇంజను 747 ఘన సెంటీమీటర్లది, సిలిండర్లు నాలుగు. నీటిని త్రిప్పుటకు పంపు లేదు. కాగిన నీరు పైకెక్కుట, చల్లారిన నీరు క్రిందికి దిగుట యను స్వభావముచేతనే యింజను చల్లబడును. వంటింటిలో ఎసరు కాగుట నెఱిగినవారి కిది వింతగాదు. బ్రేకులు తీగలు లాగుటచేత పనిచేయును. చట్రము 'ఏ' అను ఆంగ్లాక్షరమువలె ముందు సన్నగిల్లి వెనుక వెడల్పై యుండును.

మా కారు నలువదియేండ్లుగా కదలలేదు. ఎలుకలు దానిలో కాపురములు పెట్టినవి. రిజిష్టరు పుస్తకము మాత్రము భోషాణములో భద్రముగా నున్నది. పైరంగు ఆకుపచ్చ, తలుపు బందు దగ్గఱ గీకి చూడగా దానిక్రింద ముదురు నీలము కనబడినది.

ఈ కారును గూర్చి మా యింట మూడు పక్షము లేర్పడినవి. మా వారు ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధింతురు. ఫ్యాక్టరీనుండి వెలువడిననా డెట్లుండెనో యట్లే, నీలపు రంగుతో సహా, చేయింపవలెనని వారి పక్షము. మా మఱిది యింజనీరు. "వదినా! కొట్టములో బొమ్మగా నుంచుటకా యింత వ్యయము? పాత యింజను తీసివైచి విద్యుత్తు మోటారు, బ్యాటరీలు, క్రొత్త బ్రేకులు అమర్చినచో, మామ్మను ప్రతి శనివారమును సర్పవరము భావనారాయణస్వామి కోవెలకు తీసికొనిపోవచ్చును" అని యతని పక్షము. మూడవ పక్షము మా వారి మామ్మగారిది. ఆమె 1952లో కాపురమునకు వచ్చుచు సామర్లకోట స్టేషనులో రైలు దిగి, ఆ కారులోనే కాకినాడ చేరిరి. ఇప్పుడు తొంబదియేండ్లకు చేరువలో నున్నారు. "ఒక్కసారి అందులో ఎక్కి కూర్చోవాలమ్మా" అనుటయే గాని, కారు నేమి చేయవలెనో ఆమె చెప్పలేదు. సొమ్మా, ఉపాధ్యాయుని జీతమునుండి యేండ్లతరబడి కూడబెట్టినది. ఒక్కమాఱు మాత్రమే వెచ్చింపగలము. మామ్మగారికా, చిరకాలము వేచియుండు వ్యవధి లేదు.

వేసవి సెలవులలో మే మిరువురమును, మఱిదియు గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో బయలుదేఱితిమి. రాజమహేంద్రవరమున వంతెన మీదికి రాగానే పెట్టెలోని స్త్రీలు చేతులు జోడించి గోదావరీమాతకు నాణెములు సమర్పించిరి. ప్రక్కన పాత హేవలాకు వంతెన చీకటిలో నల్లని నీడవలె కనబడెను. 1900లో తెఱువబడి, 1997 వఱకు రైళ్లను మోసి విశ్రమించిన దది. పాతబడిన వానిని విడువలేకయు, వాడలేకయు నుండుట మా యింటి కొట్టమునకే పరిమితము కాదని యప్పు డనిపించినది.

హైదరాబాదులో మొదట చార్మినారు చెంతనున్న చౌమహల్లా ప్రాసాదమునకు పోతిమి. పదునెనిమిదవ శతాబ్దమున ఆరంభమైన యీ నిర్మాణము అయిదవ అసఫ్‌జా ఏలుబడిలో, 1857–1869 నడుమ, పూర్తియైనది. ఖిల్వత్ ముబారక్ అను కొలువుకూటమున పందొమ్మిది స్ఫటికదీపగుచ్ఛములు వ్రేలాడుచున్నవి. చిరకాలము శిథిలమైయుండి, బాగుచేయబడి, 2005లో ప్రజలకు తెఱువబడిన యీ ప్రాసాదమునకు 2010లో యునెస్కోవారి పురస్కారము లభించినది. మన పెద్దలు దేవాలయ విషయమున జీర్ణోద్ధారణమను మాట వాడుదురు. పడినదానిని నిలుపుటయే కాని, నిలిచియున్నదానిని పడగొట్టుట జీర్ణోద్ధారణము కాదు. ఆ మాట కర్థ మిచ్చట కన్నులార కాంచితిమి.

ఆ ప్రాంగణముననే నిజాముల కార్లున్నవి. వానిలో మిన్నయైనది 1912 నాటి పసుపువన్నె రోల్స్ రాయిస్. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని తెప్పింప నాజ్ఞాపించి, అది రాకమునుపే 1911లో పరమపదించిరి. ఏడవ నిజాము ఉత్సవ సమయములందు మాత్రమే దాని నెక్కెడివారు. వెనుక సింహాసనమువంటి పీఠము గలదు. మూడు దశాబ్దములు గడచినను అది నాలుగువందల మైళ్లైన నడువలేదని చెప్పుదురు. మా వారు అద్దమువద్ద చాలసేపు నిలిచి, "చూచితివా, తొలినాటి రూపమనగా నిది!" అనిరి.

మాకు మాత్ర మొక యాలోచన తోచినది. ఆ రథములో పసివాడెవ్వడును మరమరాలు చల్లి యుండడు. పురిటికి పోవు కోడలు దానిలో పుట్టింటికి తరలియుండదు. దానికి తొలినాటి రూపము దక్క వేఱు చరిత్ర స్వల్పము. మా కారు సంగతి యట్లుగాదు. మామ్మగారు దిగినది ఆకుపచ్చని కారునుండి. నీలపు కారు నామె యెన్నడును చూచి యెఱుగరు. 1933 నాటి రూపమును దెచ్చుటకై 1952 నాటి రూపమును గీకివేయుట బాగుచేయుట యెట్లగును?

మఱునాడు బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాలకు దాపుననున్న సుధా కార్ల ప్రదర్శనశాలకు మఱిది మమ్ము తీసికొనిపోయెను. సుధాకర్ యాదవ్ గారు చిన్ననాటనుండి పాతసామాను సేకరించి, స్వహస్తములతో చిత్రవిచిత్ర వాహనములను నిర్మించి, 2010లో దీనిని స్థాపించిరి. క్రికెట్టు బంతి, పుస్తకము, కెమెరా, సోఫా, స్త్రీల మడమజోడు, చేతిసంచి – ఇవి యన్నియు కార్లే, నడచునవియే! పిల్లలు కేరింతలు కొట్టుచుండిరి. మేమును మనసార నవ్వితిమి. "మార్పులో నింత యానందమున్నది, చూచితివా వదినా?" అని మఱిది యడిగెను. ఉన్నది, కాదనలేము. కాని యీ శిల్పి దిక్కులేని తుక్కును తెచ్చి దానికి జన్మమిచ్చినాడు. ఒకరి యింటి జ్ఞాపకమును చెఱిపి మఱియొకటి చేయలేదు. ఆ భేదము మఱిదికిని స్ఫురించి, కొంతతడవు మాటాడలేదు.

నాటి రాత్రి బసలో చర్చ సాగినది. మఱిది తన పక్షమును గట్టిగనే నిలిపెను. లోటస్ కార్లకు మూలపురుషుడైన కోలిన్ చాప్మన్ 1948లో తొలి పందెపు కారును పాత ఆస్టిన్‌ను మార్చియే నిర్మించెనట. అది నిజమే. ఆ దినములలో పాత ఆస్టిన్లు చౌకగా, లెక్కకు మిక్కిలిగా దొఱకెడివి. ఇప్పుడు మన ప్రాంతమున నెన్ని మిగిలినవి? పైగా బ్యాటరీల బరువునకై ఆ సన్నని చట్రమును కోసి అతుకవలెను. కోసినది మఱల రాదు.

శాసన విషయమును మా వారు వివరించిరి. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, ఏబదియేండ్లు దాటి, చట్రమును, పైతొడుగును, ఇంజనును మార్పక మూలరూపమున నిలిపిన వాహనమునకే ప్రాచీన వాహనమను గుర్తింపు. క్రొత్త రిజిష్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు. అది పదియేండ్లు చెల్లును. కాని యట్టి కారును నిత్యవ్యవహారమునకు నడుపరాదు. ప్రదర్శనలకును, పాతకార్ల యాత్రలకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతునకును మాత్రమే రోడ్డెక్కవచ్చును. అనగా మూలరూపమును నిలిపినచో శనివారపు సర్పవరయాత్ర లేదు. ఈ నష్టమును తెలిసియే నిర్ణయింపవలసి వచ్చినది.

అప్పుడు మాకు సుకన్య కథ జ్ఞాపకము వచ్చినది. అశ్వినీదేవతలు వృద్ధుడైన చ్యవనమహర్షికి యౌవనము ప్రసాదించిరి. కొలనులో మునిగి మువ్వురును ఒకే రూపముతో వెలువడగా, సుకన్య తన భర్తను గుర్తించి వరించినది. యౌవనము వచ్చినను గుర్తుపట్టదగినది మిగిలినది గనుకనే యది వరమైనది. లేనిచో శాపమే కదా! మా కారునకును ఇదియే పరీక్ష. కాకినాడకు ఫోను చేసి, ఆ కారున మీకు బాగుగ జ్ఞాపకమున్న దేమని మామ్మగారి నడిగితిమి. "వెనక సీటు చిరిగితే ఎర్రదారంతో నేనే కుట్టాను. ఆ కుట్టు ఉందా?" అనిరి. ఉన్నది. ఆ మాటతో మువ్వురమును ఏకాభిప్రాయమునకు వచ్చితిమి.

మా నిర్ణయ మిది. ఇంజను మూలజాతిదే, అఱిగిన భాగములు ఇంగ్లండులో నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి గనుక వానిని తెప్పించుట. బ్రేకుతీగలు, టైర్లు, విద్యుత్తు తీగలు ప్రాణరక్షణకు సంబంధించినవి గనుక క్రొత్తవి వేయించుట. మలుపు తెలుపు దీపములను రంధ్రము వేయక పట్టీలతో బిగించుట. సీటు లోపలి స్ప్రింగులను మార్చి, ఎఱ్ఱదారపు కుట్టుగల తోలును అట్లే పఱపించుట. ఆకుపచ్చ రంగును గీకక, త్రుప్పుపట్టిన తావులను మాత్రమే సరిచేయుట. తీసివైచిన ప్రతి భాగమునకును చీటి కట్టి పెట్టెలో భద్రపఱచుట. జరిగిన పనినంతను చిత్రములతో పుస్తకమున వ్రాయుభారము మఱిదిది. విద్యుత్తు పనియు నతనిదే. ట్యూరిను నగరము పేర వెలసిన అంతర్జాతీయ ప్రాచీనవాహన నియమావళియు నించుమించుగ నిదియే చెప్పుచున్నదని యతడే పిమ్మట చూపించెను: చేసిన మార్పును తిరిగి తీయగల్గియుండవలెను, చేసినది వ్రాసియుంచవలెను.

సోదరీమణులారా! మీ యింట పాతవస్తు వేదైనను మరమ్మతునకు వచ్చినపుడు మూడు ప్రశ్న లడిగి చూడుడు. ఏనాటి రూపమును నిలుపుచున్నాము? చేయబోవు పనిని రేపు తిరిగి తీయగలమా? దానితో కాపురము చేసినవారు దానిని గుర్తింతురా? ఈ మూటికి సమాధానము దొఱకువఱకు కంసాలికిగాని, వడ్రంగికిగాని, కారు మేస్త్రీకిగాని వస్తువు నప్పగింపకుడు.

మా కారు ఇంజను విప్పబడి మేస్త్రీ బల్లపై నున్నది. శనివారము మామ్మగారు ఆటోలోనే సర్పవరము పోవుచున్నారు. తొలి ప్రదర్శనమునాడు వెనుకసీటు తమదేనని, పట్టుచీర యిప్పుడే తీసి యుంచుకొన్నారు.