పొట్లపూడి కోడలు కట్టిన బడి

మైపాడులో పొద్దున బస్సెక్కేసరికే ముందు సీట్లన్నీ పుస్తకాల సంచులు. నా పక్కన సర్దుకుని కూర్చున్న పిల్ల తొమ్మిదో తరగతి. సముద్రం ఒడ్డున పాలెం నుంచి రోడ్డు దాకా నడిచొచ్చిందట.

"ఐదో తరగతి దాకా పాలెంలోనే ఆంటీ. ఆరు నించి బస్సెక్కాల."

"బస్సు తప్పితే?"

"ఆ రోజు బడి లేనట్టే."

కండక్టరు ఇద్దరికీ జీరో టికెట్ కొట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సులో చార్జీ లేదు. మా అమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది. తెలివి లేక కాదు, మా ఊరికి హైస్కూలు దూరం కావడం వల్ల. అందుకే ఆ కాగితం ముక్కను పారేయలేక పర్సులో దాచుకున్నాను.

ఎక్కడికి పోతున్నావని ఆ పిల్ల అడిగింది. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం చూడ్డానికన్నాను. "అంత దూరం నించి బడి చూడ్డానికా?" అని నవ్వింది. ఇందుకూరుపేట దగ్గర పిల్లల మందతో పాటు దిగిపోయింది.

రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరేటర్లు, మధ్యలో ఇంకా మిగిలిన వరిమళ్ళు. పల్లిపాడు మలుపు దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన మాటల్లో పడ్డాడు. తాను "బోర్డు స్కూల్లో" ఎస్సెస్సెల్సీ పాసయ్యానన్నాడు. 1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి. గోడల మీద పేరు మారినా ఆయన నోట్లో ఇంకా బోర్డు స్కూలే. "ఆడపిల్లలా? మా క్లాసు మొత్తానికి ముగ్గురమ్మా. ఇప్పుడు చూడు, బస్సు నిండా వాళ్ళే."

పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకిని సత్యాగ్రహాశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన చోటు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాన్ని నిలబెట్టారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడుగా నిలిచిన పార్సీ రుస్తుంజీ డబ్బిస్తే భవనం లేచింది. ఆ నేల ఇచ్చింది మాత్రం పొణకా కనకమ్మ. నది వైపు గాలి బాగా వీస్తోంది, ఇసుక తెల్లగా మెరుస్తోంది. అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

కనకమ్మ 1892లో మినగల్లులో పుట్టారు. చిన్నపిల్లగా ఉండగానే పెళ్ళి చేసి పొట్లపూడి పంపారు. బడి మొహం చూడలేదు. తెలుగు, సంస్కృతం, హిందీ అన్నీ ఇంట్లోనే పట్టుబట్టి నేర్చుకున్నారు. 1913లో పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పెట్టారు. ఊళ్ళో గ్రంథాలయం నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయారు. ఆవిడ చేసిన ఇన్ని పనుల్లో నన్ను కట్టిపడేసేది 1923 నాటి పని. ఆ ఏడాది ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం తెరిచారు. తనకు దక్కని దానికోసం అంత పాటుపడిన మనిషి. కొత్త భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరుగుతూ ఆయన మే నెలలో నెల్లూరికి వచ్చినప్పటి మాట అది. నెల్లూరు మే ఎండ ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళకు ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో చెప్పక్కర్లేదు.

కనకమ్మ 1963లో పోయారు. ఆత్మకథ 'కనకపుష్యరాగం' అచ్చయింది 2011లో. ఇంత ఆలస్యంగానా అని బాధేస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆవిడకు దక్కవలసినంత చోటు దక్కలేదని నా నమ్మకం.

నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బడి జరుగుతుండగా లోపలికి పోవడం ఇష్టంలేక గేటు బయటే నిలబడ్డాను. ఎక్కడో ఒక క్లాసు ఎక్కాలు వల్లె వేస్తోంది. గేటు పక్కన ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు అమ్మే ఆవిడ గంట కోసం ఎదురుచూస్తోంది. కస్తూర్బా పేరుతో దేశమంతటా ఆడపిల్లలకు గురుకులాలు పెట్టే పథకం, కేజీబీవీలు, 2004లో వచ్చాయి. నెల్లూరులో ఒక పల్లెటూరి కోడలు అదే పేరు ఎంచుకుంది దానికి ఎనభై ఒక్క ఏళ్ళ ముందు. కేజీబీవీలో పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు, బస్సు తప్పే భయం ఉండదు. పొద్దున పిల్ల అన్న మాట మళ్ళీ చెవిలో పడింది.

గంట కొట్టారు. రెండు జడల వరదొకటి గేటు దాటింది. మామిడి ముక్కలు అయిదు నిమిషాల్లో ఖాళీ.

సాయంత్రం మైపాడు బస్సు ఇందుకూరుపేటలో ఆగితే మళ్ళీ ఆ పిల్లే ఎక్కింది. నన్ను గుర్తుపట్టి పక్కకొచ్చి కూర్చుంది.

"చూశారా ఆంటీ ఆ బడి?"

"చూశా. బడికి పోనే లేదు దాన్ని కట్టినావిడ."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మధ్యాహ్నం భోజనంలో దాచుకున్న చిక్కీ తుంచి సగం నాకిచ్చింది. "మా నాయనమ్మా పోలేదు. నా పుస్తకాలకి అట్టలు మాత్రం తనే వేస్తది" అంది. పాలెం మలుపులో దిగి, ఉప్పుగాలికి ఎదురుగా సంచి సర్దుకుంటూ గబగబా నడిచింది.