నడకకు కొలత

నడక యనునది మనము పసితనముననే నేర్చుకొని, నేర్చుకొంటిమను మాటను సయితము మఱచిపోవు విద్య. అట్టి విద్యను నడివయస్సున రెండవమాఱు, ఓనమాలు మొదలుకొని నేర్వవలసిన యవసరము నాకు 2023వ సంవత్సరమున కలిగెను. ఆ జూలై నెలలో వానబురదయందు సైకిలు జారి పడుటచే, కుడికాలి మోకాలికిని చీలమండకును నడుమనుండు పెద్దయెముక రెండు తునుకలయ్యెను. శస్త్రచికిత్స జరిగెను. ఆ పిమ్మటి ఆఱు నెలలలో తెలిసికొన్న సంగతులు, మన పాఠశాలలో ఆటలాడు బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకు చేసిన చికిత్స యిట్టిది. మోకాలి దిగువనుండి యెముక నడిమి బోలులోనికి పొడవైన లోహపు కడ్డీని చొప్పించి, పైనను క్రిందను మరలు బిగించిరి. జర్మనీ దేశమందలి కీల్ నగరమున గెర్హార్డ్ క్యూంట్షర్ అను వైద్యుడు 1939లో తొడయెముకలో ఇట్టి కడ్డీని ప్రవేశపెట్టి ఈ పద్ధతికి బాట వేసెను. అంతకుముందు కాలు విరిగినవారిని, కాలికి బరువులు వ్రేలాడగట్టి, వారములకొలది మంచమునందే యుంచెడివారు. మఱునాడే కాలు కదపుమనగా నేను ఆశ్చర్యపడి, "కడ్డీ వేసితిరి గదా, ఇక నడువవచ్చునా?" అని యడిగితిని. వైద్యులు నవ్వి, "కడ్డీ యెముకను అతికించదు, అతుకువఱకు పట్టుకొని యుండును, అంతియే. అతికించునది మీ దేహము. దానికి కావలసిన గడువు మీరీయవలెను" అనిరి.

ఆ గడువులో జరుగు పనిని తెలిసికొన్నవారికి ఓర్పు కొంత సులభమగును. ఎముక విరిగినచోట ముందుగా రక్తము గడ్డకట్టును. రెండు మూడు వారములలో ఆ గడ్డ స్థానమున మెత్తని పదార్థమేర్పడి తునుకలను కలుపును. తరువాతి వారములలో, నెలలలో, అది గట్టిపడి యెముకగా మాఱును. అటుపిమ్మట దేహము తీఱికగా ఆ క్రొత్త యెముకను చెక్కి, పాత రూపునకు తెచ్చును. ఈ తుదిపనికి ఏడాదియు, అంతకు మించియు పట్టవచ్చును. ఇందు ఒక వింత కలదు. ఎముక తనపై పడు బరువునుబట్టి తన్ను తాను దృఢపఱచుకొనునని బెర్లిను నగరపు వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కావున బొత్తిగా బరువు మోపకున్నను ఎముక బలపడదు, కండ క్షీణించును. వేళకు ముందే మిక్కుటముగా మోపినను అతుకు చెడును. ఈ రెంటి నడుమనున్న సన్నని బాటయే రోగి నడువవలసిన బాట.

ఆసుపత్రిలో నా ప్రక్కమంచము మీద ఒక రైతు ఉండెను. అతని కాలును నా కాలువలెనే విరిగినది. నాకు జీతముతో సెలవు కలదు. అతనికి రెండెకరముల మడి తప్ప వేఱాధారము లేదు. నాట్ల దినములు వచ్చినవి. వ్యాయామము నేర్పుటకు వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆరు వారములు పొలమున దిగరాదని చెప్పగా, అతడు కన్నుల నీరు నింపుకొని, "అమ్మా, కాలవకు నీరొదిలారు. నా కాలికోసం ఆగుతుందా?" అనెను. ఆమె కొంతసే పూరకుండి, "బాబాయ్, నాటిన మర్నాడే నారు పీకి వేరు పట్టిందో లేదో చూస్తావా?" అని యడిగెను. అతడు మాఱుపలుకలేదు. ఆ మాట అతనికంటె నాకే లోతుగా నాటెను. ఆ యేడు అతని భార్యయు, తమ్ముని కొడుకును, బదులుపనికి వచ్చిన ఇరుగుపొరుగువారును నాట్లు ముగించిరని తరువాత వింటిని. వైద్యుల యాజ్ఞచే అతడు చుట్టను గూడ మానెను. పొగ త్రాగువారికి ఎముక అతుకుట ఆలస్యమగునట. కాలు నయమగుటకు రోగి యోర్పు ఒక్కటియే చాలదనియు, ఆ యోర్పు ఖరీదును ఇంటివారు తమ భుజములపై మోయుదురనియు నేనప్పుడు గ్రహించితిని.

ఇక అభ్యాసము సంగతి. మొదటి దినములలో గంటగంటకు పాదమును పైకిని క్రిందికిని ఆడించుట, తొడ కండను బిగించి వదలుట, కాలిని గుండెకంటె ఎత్తున దిండ్లపై నుంచుట, ఇంతియే పని. ఇవి పిల్లలాటలవలె తోచును గాని, సిరలలో రక్తము గడ్డకట్టకుండుటకును వాపు తీయుటకును ఇవియే రక్ష. తరువాత చంకకఱ్ఱలు ఇచ్చిరి. బరువును చంకలపై గాక అఱచేతులపై మోపవలెను. లేనిచో చంకలోని నరములు నొక్కబడి చేయి తిమ్మిరెక్కును. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. ఒంటి కఱ్ఱకు వచ్చిన పిదప దానిని మంచికాలి వైపు చేత పట్టవలెను.

"కుడికాలిపై 10 కిలోల బరువు మోపుడు" అని చెప్పినప్పుడు, అది యెంతయో పాదమునకు తెలియదు గదా! అందులకై బరువు తూచు యంత్రముపై ఆ పాదమునుంచి, ముల్లు 10 దగ్గఱకు వచ్చువఱకు మెల్లగా నొక్కించిరి. కొన్ని దినములకు పాదమే ఆ కొలతను గుర్తుపెట్టుకొనెను. పిదప 20, ఆపైన సగము దేహభారము. ఒక్కమాఱుగా నలువది గజములు నడచుటకంటె, దినమునకు నాలుగు మార్లు పదేసి గజములు నడచుట మేలని నేర్పిరి.

ఈ క్రమమున నాకు కష్టమనిపించినది నొప్పిగల దినము గాదు, నొప్పిలేని దినము. నొప్పియున్న నాడు మంచమే మనల నిలిపియుంచును. నొప్పి తగ్గి, గాలి చల్లగా వీచి, వీథిలో పిల్లల కేకలు వినవచ్చు నాడు, "ఇంకొక పది యడుగులు వేసిన నేమి?" అని మనస్సు ప్రేరేపించును. అందుచే ఒక చిన్న పుస్తకము పెట్టుకొంటిని. ఎన్ని యడుగులు, సాయంకాలము వాపెంత, మఱునాటి ఉదయమున నొప్పి యెట్లున్నది, ఈ మూడే వ్రాసెడివాడను. నేటి నడక యెక్కువయో తక్కువయో తీర్పు చెప్పు న్యాయాధిపతి రేపటి ఉదయమే. ఉదయము సుఖముగానున్న, మఱికొంచెము పెంచుట. వాపు దిగకున్న, నిన్నటి లెక్కకే తిరిగి పోవుట. మంచిదినమునను లెక్క మీఱకుండుట, చెడుదినమునను బొత్తిగా మానకుండుట, ఇదియే నా నియమము.

మూడవ నెలలో తీసిన ఎక్స్‌రేలో ఒక ప్రక్కను క్రొత్త యెముక పట్టినను, రెండవ ప్రక్కను చాలినంత కానరాలేదు. మఱి రెండు నెలలు చూతమనియు, అప్పటికిని అతుకకున్నచో మఱల శస్త్రచికిత్స చేయవలసి వచ్చుననియు వైద్యులు చెప్పిరి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరామర్శకు వచ్చినవారు, "ఇంకను నడచుట లేదా?" అని ఒకరును, "పుత్తూరు కట్టు కట్టించవలసినది" అని ఒకరును పలికిరి. వారి ప్రేమను శంకింపను గాని, ఆ ప్రశ్న రోగికి ఎంత భారమో ఆరోగ్యవంతులకు తెలియదు.

ఆ దినములలో నాకు ధైర్యమిచ్చినది డాక్టరు మేరీ వర్గీసుగారి చరిత్ర. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన ఆమె 1954లో మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, మఱి నడువజాలకపోయిరి. అయినను చక్రములకుర్చీయందు కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. పిదప అచ్చటనే అంగవైకల్యము గలవారికి పునరావాస చికిత్స నెలకొల్పుటకు కారకులైరి. 1972లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. నా కాలికి తిరిగి నడచు నాశ కలదు. ఆమెకు అదియు లేదు. కాలు వేచియుండవలసినదే గాని, మనిషి వేచియుండ నక్కఱలేదని ఆ చరిత్ర నాకు బోధించెను. నాటినుండి మా యింటి వసారాలో బల్లమీద కాలు చాచుకొని, పదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పుట ప్రారంభించితిని.

అయిదవ నెల చివర ఎక్స్‌రేలో రెండవ ప్రక్కను గూడ తెల్లని వంతెనవలె క్రొత్త యెముక కానవచ్చెను. ఆఱవ నెలలో చేతికఱ్ఱ విడిచితిని. పూర్వపు కాలు సంపూర్ణముగా తిరిగి వచ్చినదని చెప్పజాలను. కడ్డీ చొప్పించిన చోట నేటికిని మోకరించినచో నొచ్చును. ఆరాధనలో అందఱు మోకాళ్ళూనినప్పుడు నేను కూర్చుండియే తల వంచుదును. దేవుడు దానిని తప్పుగా నెంచడని నమ్ముచున్నాను.

విద్యార్థులారా! నా లెక్క మీ లెక్క కాదు. ఏ యెముక ఎచ్చట విరిగినదో, ఎట్లు కట్టిరో దానినిబట్టి వైద్యులు చెప్పినదే కొలత. పిక్క హఠాత్తుగా వాచి నొచ్చినను, ఊపిరాడకున్నను, గాయము చీము పట్టినను క్షణమైన జాగుచేయక వైద్యులకు చూపవలెను. మీ తరగతిలో ఎవనికైన కాలు విరిగినచో, "ఎప్పుడు నడచెదవు?" అని యడుగకుడు. అతని పుస్తకముల సంచి మోయుడు. మెట్లయొద్ద ఒక యడుగు వెనుక నిలువుడు. అతని నడకకు మీ నడకను తగ్గించుకొనుడు. అతని కాలికి గడువునిచ్చుటలో అది మీ పాలు.